పప్పుగుత్తి పువ్వు

"నువ్వెట్ల ఖాళీగనే ఉన్నవు గద, జర ఈ దిండ్ల గలీబులు కుట్టిపెట్టు."

మా ఆయన ఉవైస్ ఈ మాట అన్నప్పుడు నా కుడిచేతిలో పప్పుగుత్తి ఉంది, ఎడమచేత్తో గిన్నె అంచు పట్టుకుని ఉన్నాను. ఒక పొయ్యి మీద చాయ్ కాగుతోంది, ఇంకో పొయ్యి మీద అత్తమ్మ స్నానానికి నీళ్లు. భుజం మీద మా అమ్మాయి జోయా కాలేజీ చున్నీ, ఇస్త్రీ చెయ్యాలని వేసుకున్నది. దీన్ని ఖాళీ అంటారు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లుగా అంటూనే ఉన్నారు, నేనూ వింటూనే ఉన్నాను. ఆయన తిట్టడు, చెయ్యెత్తడు. ఈ ఒక్క మాటే అంటాడు, అదీ నవ్వుతూ అంటాడు. నవ్వుతూ అన్నదానికి కోపం తెచ్చుకుంటే మనదే తప్పవుతుంది కదా!

గద్వాలలో మాది ఇల్లూ దుకాణం ఒకటే. ముందు గది దుకాణం, వెనకవి ఇల్లు, మధ్యన ఒక పరదా. బోర్డు మీద 'నబీ సాబ్ పరుపుల దుకాణం' అని ఉంటుంది. నబీ సాబ్ అంటే మా మామ, పోయి ఆరేళ్లయింది. మేం దూదేకుల వాళ్లం. మా నమాజు అరబ్బీలో, మా కొట్లాట తెలుగులో. పరుపులు, దిండ్లు, చలికి కప్పుకునే దూది రజాయిలు తాతల నాటి నుంచీ మా పని. ఆ పరదాకు ఒక గుణం ఉంది. దానికి అవతల ఏం చేసినా పని, ఇవతల ఏం చేసినా ఖాళీ. ఆయన మిషన్‌లో దూది వేసి స్విచ్చి నొక్కితే పని. ఆ దూదిని నేను లోపలికి తెచ్చుకుని, రజాయి గలీబును తిరగేసి, దాని మీద సమంగా పరిచి, చాపలా చుట్టి, మూతిలోంచి బయటికి తిప్పి, కర్రతో కొట్టి సర్ది, జానెడు సూదితో మూల నుంచి మూలకు కుట్లు వేస్తే మాత్రం ఏమీ కాదు. "మా ఆడోళ్లతోటి పని చేపియ్యం సాబ్, ఇంట్లనే ఉంటరు" అని గిరాకీలతో గొప్పగా చెప్పేవాడు. పరదా వెనక నేను సూదిలో దారం ఎక్కిస్తూ వినేదాన్ని. వేలికి గుచ్చుకుంటే అబ్బా అని గట్టిగా అనడానికి కూడా లేదు, లేని మనిషి అరిచినట్టు ఉంటుంది.

ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది. చలి మొదలైంది, రజాయిల గిరాకీ పెరిగే రోజులు. బోర్డుకు కొత్త రంగు వేద్దామని ఆయన ఒక ప్లేటులో నీలం రంగు పోసి పెరటి గుమ్మం దగ్గర పెట్టి, బ్రష్షు వెతుక్కోవడానికి పోయాడు. నేను పప్పుగుత్తిని విసురుగా గట్టు మీద పెట్టబోయాను. అది జారి, దొర్లి, గుమ్మం దిగి, వెతుక్కున్నట్టు పోయి ఆ రంగులో పడింది. "యా అల్లా!" అని పరుగెత్తి తీశాను. రంగు కారుతోంది. ఎక్కడ పెట్టాలో తోచక పక్కన పరిచి ఉన్నదాని మీద నిలబెట్టేశాను. పెట్టాక చూసుకుంటే అది రజాయి. కింద దూది, పైన తెల్లటి కొత్త బట్ట. నయం, గిరాకీలది కాదు, జోయాకని కుడుతున్నది.

గుత్తి ఎత్తాను. కింద పువ్వు.

ఎనిమిది రేకులు, మధ్యన ఒక చిన్న బొట్టు. పంతొమ్మిదేళ్లు దానితో పప్పు మెదిపాను గానీ దాని అడుగున పువ్వుందని ఒక్కనాడూ చూడలేదు! ముందు సబ్బు గుర్తొచ్చింది. తర్వాత అత్తమ్మ నోరు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎందుకో తెలియదు, పక్కన ఇంకోటి వేస్తే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. వేశాను. ఒళ్లు ఝల్లుమంది. మూడోది వేశాను. ఒక్కటి ఉంటే మరక, మూడు వరసగా ఉంటే డిజైను. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదే! ఆయన బ్రష్షుతో తిరిగి వచ్చేలోపు పదిహేడు పువ్వులు వేసి కూర్చున్నాను, చెంప మీద కూడా నీలం రంగు.

"ఏందే ఇది? మంచి బట్ట ఖరాబ్ చేస్తివి" అని ప్లేటు తీసుకుని పోయాడు. పోతే పోనీ. నాకు అసలు వినపడితే కదా.

ఇక ఇల్లు ఇల్లులా కనబడటం మానేసింది. బెండకాయ కోస్తే ఐదు మూలల పువ్వు. మజ్జిగ కవ్వం బోర్లిస్తే నాలుగు రేకులు. జంతికల గొట్టం బిళ్ళ వేస్తే నిండు గుండ్రం, నడుమ తెల్లటి నక్షత్రం. చపాతీ కర్రకు సుతిలి తాడు చుట్టి దొర్లిస్తే వాన పడ్డట్టు గీతలు. దువ్వెన అంచు ముంచి నొక్కితే సన్నటి కుట్టులాంటి వరస. జోయా చెప్పు అడుగున ఎంత మంచి అల్లిక ఉందో! అది కాలేజీకి తయారవుతూ చెప్పు కోసం వెతుకుతుంటే నేను ఒక చెప్పుతో పెరట్లో కూర్చుని ఉన్నాను. "అమ్మా, నీకు పిచ్చి లేసిందే!" అంది. "లేవనియ్యి, బిడ్డా, ఇన్నొద్దులకు లేసింది" అన్నాను. అది పకపకా నవ్వి, బోర్డుకు వేసే రంగు బట్టను బిరుసు చేస్తుందనీ, బట్టలకు వేరే రంగులుంటాయనీ ఫోన్లో చూసి చెప్పి, సాయంత్రం వస్తూ వస్తూ నాలుగు డబ్బాలు తెచ్చింది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరేమన్నారో గుర్తు లేదు.

అన్నీ ఊరికే రాలేదు. గచ్చు మీద బట్ట పరిచి వేస్తే అంచులే పడి నడుమ బోసిగా వచ్చేది. ఇంకా గట్టిగా నొక్కితే రంగు పక్కలకు చిమ్మేది. మూడు రోజులు ఏడిపించింది. మొదటి రోజు అంత బాగా ఎందుకు వచ్చిందో అంట్లు తోముతుంటే తట్టింది. ఆ రోజు బట్ట కింద దూది ఉంది! గచ్చు మీద చెక్క గుత్తి పడితే ఒకదానికొకటి లొంగవు. కింద రెండు వేళ్ల మందం ఏకిన దూది ఉంటేనే గుత్తి అడుగంతా బట్టకు అందుతుంది. చేతులకు సబ్బు ఉండగానే లేచిపోయి దూది పరిచి వేశాను. నిండు పువ్వు! గట్టిగా కేక పెట్టాను. పరదా అవతల ఆయన, "ఏమైందే, తేలు కుట్టిందా?" అని అరిచాడు.

అత్తమ్మ పేరు సుల్తానాబీ. డెబ్బై దాటింది, నోరు మాత్రం ఇంకా ఇరవైలోనే ఉంది. "అన్నం పెట్టే సామానుకు రంగు పూస్తవా? బర్కత్ పోతది ఇంట్లకెళ్లి, ఉన్నదాంట్ల కలిసిరాదు" అని రెండు రోజులు సణిగింది. నిజమే అనిపించి, పప్పుకు కొత్త గుత్తి కొనుక్కొచ్చి పాతది నాకుంచుకున్నాను. 'నాకు' అని ఆ ఇంట్లో ఒక వస్తువు గురించి అనుకోవడం అదే మొదలు. జోయా రజాయి పూర్తయి, ఎండకు దుకాణం ముందు తాడు మీద వేసినప్పుడు అత్తమ్మ ఎప్పటిలాగే వచ్చి అంచు పట్టుకుని వేళ్లతో లోపలి దూదిని తడిమి చూసి, ఏమీ అనకుండా పోయింది. అత్తమ్మ ఏమీ అనలేదంటే మా ఇంట్లో దాన్ని మెచ్చుకోలు కిందే లెక్కేస్తాం.

ఆ తాడు మీది రజాయిని చూసే పద్మజ గారని ఒకావిడ ఆగింది. ఆమెది అమ్రాబాద్ దగ్గర. అడవి చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఎనిమిది గదులు కట్టిందట. తమ్ముడి పెళ్లికి చీరలు కొందామని గద్వాలకు వచ్చి, మా దుకాణం ముందు ఆటో ఆపించింది. పరదా సందులోంచి చూస్తున్నాను. నా పప్పుగుత్తి పువ్వు మీద ఆమె వేలు తిరుగుతోంది.

"మా దిక్కు చలి బాగుంటది భాయ్. ఎనిమిది రూములకు గిసొంటియే కావాలె. ఎవరు చేసిన్రు ఇది?"

చెప్పు, చెప్పు, అనుకుంటున్నాను లోపల. ఏమంటాడో? మా ఆడమనిషి చేసిందంటాడా, నా పేరు పెట్టి మెహజబీన్ అంటాడా?

"మా కారీగర్లు ఉన్నరు మేడం" అన్నాడు ఆయన.

కారీగర్లట! ఒక్కదాన్నే నలుగురు పనివాళ్లనయ్యాను, వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

"వచ్చే శుక్రారం వస్త. ఎట్ల అచ్చేస్తరో నాకు చూడాలె. ప్రతి రూముల ఒక చీటి పెడ్త భాయ్. ఈ రజాయి ఎట్ల తయారైంది, ఎవరు తయారు చేసిన్రు అని పేరు రాసి, ఫోటో పెడ్త. వచ్చినోళ్లు అదే అడుగుతరు." అని చెప్పి ఆమె ఆటో ఎక్కింది.

ఆ క్షణం నుంచి నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. అమ్రాబాద్ నేను చూడలేదు. వనపర్తి దాటి ఎన్నడూ పోలేదు. నేను పోని అడవిలో, నేను చూడని గదిలో, గోడ మీద నా పేరుంటుంది! ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి చలికి ముడుచుకుని పడుకోబోతూ చదువుకుంటుంది. మెహజబీన్. నిఖా కాగితంలో రాశారు, రేషన్ కార్డులో రాశారు, ఆ తర్వాత ఏ పనికీ ఎవరూ రాయలేదు. గిన్నెలు కడుగుతూ పైకే అనుకున్నాను ఒకసారి. బాగుంది నా పేరు, నిజంగా!

ఆయన ఆలోచన వేరు. రెండు రోజులకు హైదరాబాద్ నుంచి ఒక డబ్బా దిగింది. చెక్కిన అచ్చులు, ఆరు. మామిడి పిందె, ఏనుగు, నెమలి, ఇంకేవో. దుకాణంలో పెద్ద బల్ల మీద వరసగా పేర్చి మురిసిపోయాడు.

"శుక్రారం నేనే నిలబడి వేస్త. నువ్వు లోపల చాయ్ చూస్కో. ఆ పప్పుగుత్తులు, బెండకాయలు బయటికి తేకు. చూస్తె నవ్వుతరు. నబీ సాబ్ కొడుకు, పెండ్లాం వంట సామాన్లతోటి రజాయిలు చేస్తున్నడంటరు. ఇజ్జత్ పోతది."

"నవ్వితె నవ్వనీ. ఆమె అడిగింది నా పువ్వును, నీ ఏనుగును కాదు" అన్నాను.

"నీ పువ్వేంది, నా ఏనుగేంది? దుకాణం ఒక్కటే గద" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వే నాకు పడదు. వారమంతా నాలో నేనే కొట్లాడుకున్నాను. నలుగురిలో ఆయన మాట కాదంటే ఆయన మొహం ఏమైపోతుంది? అనకపోతే నా పేరు ఏమైపోతుంది? పంతొమ్మిదేళ్లు కలిసి బతికిన మనిషి, జ్వరం వస్తే రాత్రంతా దవాఖానలో బెంచీ మీద కూర్చున్న మనిషి. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది! తిట్టి పడేసేదాన్ని. మంచివాడు కాబట్టే నోరు పెగలదు. జోయా మాత్రం, "నువ్వు చెప్పకపోతె ఎవరు చెప్తరమ్మా, బెండకాయ చెప్తదా?" అంది. దానికేం, పద్దెనిమిదేళ్లది.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పద్మజ గారు వచ్చింది. అత్తమ్మ గుమ్మం పక్కన పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల మీద తెల్లబట్ట పరిచి, అచ్చులు పెట్టుకుని నిలబడ్డాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టి పరదా దగ్గరికి వచ్చాను. బల్లను చూడగానే అక్కడే ఆగిపోయాను.

ఉత్త బల్ల. బట్ట కింద ఏమీ లేదు.

చుట్టూ చూస్తే దుకాణం నిండా దూదే! మూటలు, పరుపులు, గాలిలో ఎగిరేది కూడా దూదే. దూదేకుల ఇంట్లో పుట్టి, దూదిలో పెరిగి, ఆ మనిషి చెక్క బల్ల మీద బట్ట పరిచాడు. నేను వారమంతా పెరట్లో దూది పరిచి అచ్చు వేస్తుంటే ఆయన పక్క నుంచి పదిసార్లు నడిచిపోయాడు, ఒక్కసారి చూసి ఉంటే కదా.

ఏనుగును రంగులో ముంచి నొక్కాడు. ఎత్తితే తొండం, తోక పడ్డాయి, నడుమ ఏనుగు లేదు. "కొత్త అచ్చులు మేడం, జర సెట్ కాలే" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! నెమలి తీసుకుని పిడికిలితో గుద్దాడు. రంగు చిమ్మి చొక్కా మీద పడింది. మూడోది, నాలుగోది. చెమట పడుతోంది ఆయనకు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు, రెండూ వచ్చాయి. పద్మజ గారు కాసేపు చూసి, సంచిలోంచి ఫోన్ తీసి, తాను తీసుకున్న జోయా రజాయి ఫోటో బల్ల మీద పెట్టింది.

"గిది ఏది భాయ్? ఈ ఎనిమిది రేకుల పువ్వు. ఈ అచ్చులల్ల లేదు గద?"

ఆయన పరదా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "అది ఇటియ్యి. ఎట్లనో జర చెప్పు, నేనే వేస్త" అన్నాడు. అప్పుడు ఆయన మొహం చూశాను. భయపడ్డాడు. ఇచ్చేద్దామనిపించింది, అబద్ధమెందుకు? చెయ్యి పరదా పక్కన పెట్టుకున్న గుత్తి మీదికి పోయింది కూడా. కింద దూది పరుచు, మెల్లగా నొక్కు అని రెండు మాటలు చెబితే చాలు, ఆయన గట్టెక్కుతాడు. రేపటి నుంచి అది ఆయన చేతి పనవుతుంది, ఎల్లుండి నుంచి అసలు నేను వేసినట్టు నాకే గుర్తుండదు. గుత్తి తీసుకున్నాను. ఇవ్వలేదు.

"పాలు పొయ్యి మీద ఉన్నయి. పొంగకుండ చూడు" అన్నాను ఆయనతో, మామూలుగానే.

బిత్తరపోయి నన్ను చూశాడు. లోపల పాలు సుయ్యిమన్నాయి. ఆయన అటు పరుగెత్తాడు, నేను ఇటు వచ్చాను.

ఎంత తేలికో! అడుగు వేస్తే వచ్చేశాను. మూటలోంచి రెండు చేతులా దూది తీసి బల్ల మీద పరిచాను, అరచేత్తో సమం చేశాను, దాని మీద బట్ట లాగి పరిచాను. గుత్తిని నీళ్లలో ముంచి తుడిచి, రంగులో ఆనించి, పెట్టి, పైన అరచేత్తో ఒక్కసారి నొక్కి ఎత్తాను. పద్మజ గారు "అబ్బా!" అంది. ఇంక నన్నెవరు ఆపుతారు? కవ్వం తెచ్చాను, జంతికల బిళ్ళలు తెచ్చాను, తాడు చుట్టిన చపాతీ కర్ర దొర్లించాను. పక్క దుకాణం వాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒకాయన నవ్వాడు కూడా, "వదినా, గరిటె గూడ తే" అని. "తెస్త, ఆగు" అన్నాను, తెచ్చాను, గరిటె వీపు వరసగా అద్దితే అంచుకు చుట్టూ చందమామలు పడ్డాయి. అతని నవ్వు ఆగిపోయింది. నా చేతులు నీలం, ఎరుపు, నా ఒళ్లంతా వేడి. ఇంత ఆనందం ఉంటుందని తెలిస్తే ఎప్పుడో బయటికొచ్చేదాన్ని.

పద్మజ గారు నవ్వుతూ, "పప్పుగుత్తా! పప్పుగుత్తా అక్కా ఇది! అట్లనే రాస్త చీటిల" అంటూ ఒక పుస్తకం తీసింది.

ఈలోపు మా ఆయన ట్రేలో చాయ్ కప్పులు పెట్టుకుని బయటికి వచ్చాడు. "షక్కర్ ఏడున్నదో దొరకలే" అన్నాడు మెల్లగా. చప్పటి చాయ్ అందరం తాగాం. బల్ల మీది పువ్వులను ఆయన చాలాసేపు చూశాడు. వంగి, బట్ట అంచు ఎత్తి, కింద ఉన్న దూదిని చూశాడు. తల కొట్టుకోలేదు గానీ, కొట్టుకున్నంత పనైంది.

"పేరు ఎవరిది రాయాలె?" అని పద్మజ గారు పెన్ను పట్టుకుంది.

"నబీ సాబ్ పరుపుల దుకాణమని రాయుండ్రి మేడం" అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

"మెహజబీన్" అన్నాను నేను.

ఎవరికీ వినపడినట్టు లేదు. మళ్లీ చెప్పాను. ఈసారి వీధి దాకా వినపడింది. ఆయన తల దించుకుని కప్పులు సర్దసాగాడు. పీట మీద అత్తమ్మ వెల్లుల్లి పక్కన పెట్టి లేస్తోంది. అయిపోయింది, ఇప్పుడు నలుగురిలో ఇంటి పరువు అంటూ అందుకుంటుంది అనుకున్నాను. ఆమె నా పక్కకు వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"రాయి బిడ్డా, దీని పేరే రాయి. మిషన్ రాకముందు ముప్పై ఏండ్లు ఈ ఇంట్ల విల్లు పట్టి దూది ఏకింది నేను. మా ముసలాయన ఊర్లు తిరిగి గిరాకీ తెచ్చెటోడు. పరుపు మెత్తగుంటె, నబీ సాబ్ చేతిల మహిమున్నది అనెటోళ్లు అందరు. నేను లోపల కూసోని నవ్వెటిదాన్ని. నవ్వక ఏం చేస్త?"

పంతొమ్మిదేళ్లలో ఆమె ఈ మాట నాకు చెప్పలేదు. ఆయన చిన్నప్పుడు ఆ విల్లును చూసే ఉంటాడు గానీ, ఆయనకూ ఈ మాట చెప్పినట్టు లేదు. సర్దుతున్న కప్పులు వదిలేసి తల్లి వైపు తిరిగాడు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి, రంగు చేతులతో తుడుచుకోలేక భుజానికి రుద్దుకున్నాను.

"రెండు పేర్లు రాయుండ్రి మేడం" అన్నాను. "ముందుగాల అత్తమ్మది రాయుండ్రి. ఈ రజాయిలల్ల దూది ఆమె చూసి సరే అంటెనే నేను కుడ్త."

పద్మజ గారు అత్తమ్మ వైపు తిరిగింది. "చెప్పమ్మా, ఏమని రాయాలె? నబీ సాబ్ గారి భార్య..."

అత్తమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది.

"ఆయనకు నేను పెండ్లాన్నని ఊరందరికి ఎరుకే. నువ్వు ఉత్త సుల్తానాబీ అని రాయి."